హాఫ్ క్లచ్

సోనాలికి భూషణ్ బావ మీద పగ పుట్టింది ఆస్పత్రి వరండాలో. అన్న సురేశ్ ఎడమ కాలు మోకాలి కింద తీసేయక తప్పదని డాక్టరు చెప్పి వెళ్లాడు. తల్లి ఓదెమ్మ గోడకు జారగిలబడి కూలబడింది. ఆమెకు నీళ్లు తెద్దామని సోనాలి మెట్ల దగ్గరికి వెళితే, అక్కడ మూలన నిలబడి భూషణ్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"నేనేం జేస్త యార్? క్లచ్ బిగించింది ఆయనే. ప్లేటు సక్కగ కూసోవెట్టలే. ఎత్తు మీదికి పోంగనే ఫెయిలైంది. ఆయన చేతిపని ఆయన కాలునే తిన్నది. నసీబ్!"

సోనాలి నీళ్ల సీసా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. లోపల మనిషికి ఇంకా స్పృహ రాలేదు. ఆయన మీద తీర్పు మాత్రం అప్పుడే ఊళ్లోకి వెళ్లిపోయింది.

భూషణ్ పరాయివాడైతే ఆ మాట అంత లోతుగా దిగేది కాదేమో. సొంత అక్క ఐశ్వర్య భర్త. నిజాంపురాలో నూలు దుకాణం, చుట్టూ స్నేహితులు, నలుగురిని నవ్వించే నోరు. సోనాలి వాళ్లది గైబీ నగర్‌లో చిన్న సాంచెల షెడ్డు, కరెంటు మగ్గాలది. తండ్రి పోయాక దాన్ని ఓదెమ్మే నడుపుతోంది. సురేశ్‌కు చిన్నప్పటి నుంచీ మగ్గం మీద మనసు లేదు, ఇంజన్ మీదే. కాశేలిలో గోదాముల మధ్య గ్యారేజీ పెట్టి మొదట లారీలు, తర్వాత కొండలెక్కే ఫోర్ బై ఫోర్ జీపులు బాగుచేస్తూ పేరు తెచ్చుకున్నాడు. వానాకాలం వస్తే ఊరి బయట మూతపడ్డ రాతి క్వారీలో ఆ జీపులకు పోటీలు జరుగుతాయి. బురదలో, బండల మీద, నిట్టనిలువు ఎత్తుల మీద బండిని ఎవరు ఎక్కిస్తారా అని జనం గొడుగులు పట్టుకుని మరీ చూస్తారు. భూషణ్‌కు ఆ పోటీలంటే పిచ్చి. అతను నడిపేవాడు, సురేశ్ కిందనే ఉండి దారి చూపేవాడు.

ఆ రోజు ఐశ్వర్యతో కలిసి సోనాలి కూడా అక్కడే ఉంది. కళ్లతో చూసింది గాని, చూసిందేమిటో ఆమెకు తెలియలేదు. భూషణ్ జీపు ఎత్తులో సగం దాకా ఎక్కి ఒక బండ దగ్గర ఆగింది. ఇంజన్ గొంతు చించుకుని అరిచింది. బండి ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు, కొండకు అంటుకున్నట్టు అక్కడే నిలబడింది. జనం ఈలలు వేశారు. సురేశ్ చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు, ఆ గోలలో వినబడలేదు. కింది నుంచి పొగ లేచింది. "సురేశా, రాయి వెట్టు! ఎనక చక్రానికి రాయి వెట్టు!" అని భూషణ్ కేక వేశాడు. సురేశ్ రాయి పట్టుకుని వెనక్కి ఉరికాడు. ఇంజన్ అరుపు తగ్గనేలేదు, బండి వెనక్కి జారింది. చక్రానికీ బండకీ మధ్య కాలు నలిగింది.

ఇంటికి వచ్చాక సురేశ్ చాలా రోజులు గోడకేసి చూస్తూ పడుకున్నాడు. ఒక రోజు ఉన్నట్టుండి చెల్లెల్ని పిలిచాడు.

"బావ బండి మన గ్యారేజీలనే ఉన్నదా?"

"ఉన్నది. తీస్కపోనింక రాలే."

"గేర్‌బాక్స్ దింపియ్యి. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు నా కాడికి తే."

సోనాలి గ్యారేజీ పనివాళ్లతో అది విప్పించి, సంచిలో కట్టించుకుని ఆటోలో ఇంటికి తెచ్చింది. గుండ్రాయిలా బరువున్న ఇనుప చక్రం ఆ ఫ్లైవీల్. సురేశ్ దాన్ని మంచం మీద పెట్టించుకుని, పసిపిల్లవాడి ముఖం తడిమినట్టు వేళ్లతో తడిమాడు. చక్రం ముఖమంతా నీలంగా కమిలిపోయి ఉంది. వేసవిలో చెరువు అడుగు బీటలువారినట్టు సన్నటి పగుళ్లు.

"ఇటు సూడు చెల్లె," అన్నాడు. "సాంచె మోటరు బంద్ జేసినంక గూడ ఇంకో పోటు నేసే ఆగుతది గదా. ఎందుకు? చక్రంల బరువున్నది, జోరు దాసిపెట్టుకుంటది. ఫ్లైవీల్ గూడ గంతే. ఇంజన్ పుట్టిచ్చిన జోరు దీంట్ల ఉంటది. క్లచ్ ప్లేటు దీని మొఖానికి అతుక్కొని తిరిగితే ఆ జోరు చక్రాలకు పోతది. పెడల్ తొక్కితే ప్లేటు ఇడుస్తది. కాలు తీస్తే పట్టుకుంటది. ఇడువక పట్టక నడుమ ఉంచినవనుకో, రెండు రాసుకుంటయి. గదే హాఫ్ క్లచ్. బండి కదిలేటందుకు గింతసేపు అయితే నడుస్తది. ఎత్తు మీద బ్రేకు తొక్కకుంట హాఫ్ క్లచ్ మీదనే బండిని నిలవెడితే ప్లేటు మండుతది. మండి బూడిదైనంక ఇంజన్ ఎంత ఒర్రినా చక్రాలకు సంబంధం ఉండది."

సోనాలికి ఆ రోజు ఇంజన్ అరుపు చెవుల్లో మోగింది. అరుస్తూనే ఉన్న ఇంజన్, వెనక్కి జారిపోయిన బండి.

"ప్లేటు నువ్వు తప్పు బిగించినవని అంటున్నరు గదా?"

"తప్పు బిగిస్తే ఒక దిక్కే అరుగుతది. ఇది సూడు, చుట్టూ ఒక్క తీరుగ కాలింది. ఇది చేతి తప్పు గాదు, కాలు తప్పు."

"అయితే ఇప్పుడే పోయి అందరికి చూపిస్త!"

"వద్దు." సురేశ్ చక్రాన్ని పక్కకు నెట్టాడు. "అక్క ఆ ఇంట్ల బతకాలె. నాకు తెలిసింది, చాలు."

ఆయనకు చాలిందేమో గాని సోనాలికి చాలలేదు. నెలలు గడిచేకొద్దీ గ్యారేజీకి బండ్లు రావడం తగ్గింది. "సొంత కాలునే కాపాడుకోలేనోడు మన బండి ఏం కాపాడుతడు" అనే మాట కాశేలి టీ బండ్ల దగ్గర నవ్వులాట అయింది. అన్నిటికన్నా ఆమెకు కాలింది పండగ పూట ఐశ్వర్య అన్న మాట. తల్లితో మాట్లాడుతూ మామూలుగా అనేసింది. "సురేశ్ ఆ దినం ఇంత జాగ్రత్త వడితే బాగుండు అమ్మా. పాపం, ఆయన గూడ సచ్చేటోడు." ఆయన అంటే భూషణ్. సోనాలి చేతిలోని గిన్నె కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె షెడ్డు పని మానేసి గ్యారేజీలో కూర్చుంది. సురేశ్ స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, ఆమె బండి కింద దూరేది. గేర్‌బాక్స్ దించడం, ఫ్లైవీల్ ముఖం లేత్ మీద చెక్కించడం, ప్లేటును నడిమధ్యకు సరిగ్గా చేర్చి బిగించడం నేర్చుకుంది. తర్వాత పాత సామాన్లతో సొంతంగా ఒక జీపు కట్టుకుని నడపడం నేర్చుకుంది. ఎత్తులో ఆగితే బ్రేకు తొక్కి, ఇంజన్ ఆపి, వెనక గేరులో మెల్లగా దిగిపోవాలని, మళ్లీ ఎక్కాలని సురేశ్ చెప్పేవాడు. "దిగొచ్చుడు సిగ్గు గాదు" అనేవాడు. ఆమె దిగుతూ ఎక్కుతూ అదే క్వారీలో వానాకాలాలు గడిపింది. చిన్న పోటీల్లో గెలవడం మొదలుపెట్టింది. ఎక్కిన ప్రతిసారీ మనసులో ఒకటే లెక్క. ఎప్పుడో ఒకప్పుడు భూషణ్ ఈ ఎత్తు మీదికి మళ్లీ వస్తాడు.

వచ్చాడు. కొత్త జీపు కొన్నాడు. పెద్ద పోటీ దగ్గర పడ్డాక ఒక పొద్దున దాన్ని తీసుకుని గ్యారేజీ ముందు ఆగాడు. పక్క సీటులో ఐశ్వర్య.

"క్యా మరదలా, పెద్ద మెకానిక్ అయినవట!" అని నవ్వుతూ దిగాడు. "ఎవడో చెప్పిండని ఫ్లైవీల్ చెక్కిచ్చి తేలిక జేయించిన. రేసు ఇస్తే భలే ఉరుకుతది. ఎత్తు మీదనే మాటిమాటికి బంద్ అయితున్నది. మీ అక్కనేమో మన ఇంటి గ్యారేజీ ఉండంగ బయటికెందుకు అని ఒకటే పోరు."

సోనాలి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"తేలిక ఫ్లైవీల్ ఎత్తు మీద పనికిరాదు బావా. బరువుంటెనే మెల్లగ పోయినా ఇంజన్ ఆగది. అసలు బరువున్న కొత్తది ఎక్కిస్త. బండి ఇడిచిపెట్టి పో."

మరుసటి రోజు మధ్యాహ్నం, పనివాళ్లు తిండికి వెళ్లిన వేళ, కొత్త ఫ్లైవీల్‌ను ఆమె తన చేతులతోనే ఎక్కించింది. బోల్టులు దూర్చి, వేళ్లతో తిప్పి, పానా అందుకోబోయి ఆగింది. ఇవి ఇలాగే వదిలేస్తే? పైకి ఏమీ తెలియదు. గేర్‌బాక్స్ మూసుకుపోతుంది. ఎత్తు మీద ఇంజన్‌ను గొంతు చించుకునేలా అరిపించినప్పుడు ఈ బరువైన చక్రం ఊడి, పెంకు పగలగొట్టుకుని బయటికి వస్తుంది. దానికి ఎదురుగా ఉండేవి నడిపేవాడి కాళ్లు. కాలికి కాలు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, చల్లని నీళ్లు తాగినట్టు ఆమె దాన్ని రెండోసారి తలుచుకుంది.

"ఎంత బిగించినవ్?"

సురేశ్ కర్ర ఆనించుకుని వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన వంగి ఒక బోల్టును వేలితో తిప్పాడు. తిరిగింది.

"ఎవరికి తెలుస్తది అన్నా?"

"ఎవరికి తెల్వది."

"మరి?"

"సురేశ్ గ్యారేజీల చేసిన పని మనిషిని తిన్నదని లోకమంత అంటున్నది. ఇప్పటిదాక అది అబద్ధం. నువ్వు దాన్ని నిజం జేస్తవా?"

సోనాలి పానా నేలకేసి కొట్టింది. "అయితే ఊకె ఇడిచిపెట్టాల్నా వాణ్ని? నువ్వు పెద్ద దేవునివైపోయి మాఫ్ చేసినవ్, నేను గూడ చెయ్యాల్నా?"

సురేశ్ తన స్టూలు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె చాలాసేపు ఆ చక్రం ముందు కూర్చుంది. బాగా బిగించి ఇవ్వాలి. ఎవరూ వేలెత్తి చూపలేనంత బాగా బిగించాలి. ఆ తర్వాత బావ కాలు చేసేది చేస్తుంది. ఆ కాలు ఎలాంటిదో ఆమెకు తెలుసు. పది మంది చూస్తుంటే అది కిందికి దిగి రాలేదు.

ఆమె భూషణ్‌కు ఫోన్ చేసింది. "బావా, దోస్తులను తోల్కొని రా. ఈసారి నీ చేత్తోనే బిగించుకో."

అతను పొంగిపోయాడు. స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి, చొక్కా చేతులు మడిచి, బిగుతు సరిపోగానే టక్కుమనే టార్క్ పానాతో బోల్టులన్నీ ఎదురెదురుగా బిగించాడు. ప్రతి బోల్టుకూ పానా టక్కుమనేదాకా సోనాలి వదలలేదు. స్నేహితులు ఫోన్లలో వీడియోలు తీసి అప్పటికప్పుడే అందరికీ పంపుకున్నారు. కొత్త ప్లేటు ఎక్కింది, గేర్‌బాక్స్ మూసుకుంది.

"ఇప్పుడు మంచిగ ఇను," అంది సోనాలి, అందరూ వినేలా. "ఎత్తు మీద ఆగితే బ్రేకు తొక్కు. ఇంజన్ బంద్ జేసి వెనక గేరుల దిగు. హాఫ్ క్లచ్ మీద నిలవెట్టకు. నిలవెడితే ఎంత కొత్త ప్లేటైనా మండుతది."

"అరే, నాకే నేర్పుతున్నవా!" అని భూషణ్ స్నేహితుల వైపు చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. సోనాలి కూడా నవ్వింది.

పోటీ రోజు వాన సన్నగా పడుతోంది. క్వారీ ఎత్తంతా రాతిపొడి బురదై జారుతోంది. కాలు పోయాక అక్కడికి ఎన్నడూ రాని సురేశ్‌ను సోనాలి పట్టుబట్టి తీసుకొచ్చి నిర్వాహకుల డేరాలో కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. నడిపేవాళ్లందరికీ తలా ఒక వాకీటాకీ ఇచ్చారు. అందులో మాట్లాడింది డేరా దగ్గరి మైకులో అందరికీ వినబడుతుంది.

సోనాలి తన వంతులో మొదటిసారి బండ దగ్గర ఆగింది. బ్రేకు తొక్కి, దిగి వచ్చింది. ఎవరో ఎగతాళిగా ఈల వేశారు. రెండోసారి చక్రాలను కాస్త ఎడమకు పట్టి, ఇంజన్‌ను అరిపించకుండా, తన బండి ఫ్లైవీల్ బరువు మీదనే గొంగళిపురుగులా పాకుతూ పైకి ఎక్కేసింది. పైనే బండి నిలిపి కిందికి చూసింది.

తర్వాత భూషణ్ వచ్చాడు. పక్కన ఐశ్వర్య, తలకు హెల్మెట్. జీపు సగం దాకా ఊపుతో వచ్చి అదే బండ దగ్గర ఆగింది. సోనాలి పై నుంచి తొంగి చూసింది. దిగుతాడా? దిగితే ఆమె పగ బురదలో కలిసినట్టే. కింద స్నేహితులు "భూషణ్! భూషణ్!" అని అరుస్తున్నారు.

ఇంజన్ గొంతు చించుకుంది. బండి ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. మాడిన గోనెసంచి లాంటి వాసన వానలోంచి పైకి వచ్చింది. ఆ వాసనకు సోనాలి ఒళ్లంతా జలదరించింది. భయంతో కాదు. ఇన్నేళ్లు ఆకలితో ఉన్న మనిషికి అన్నం వాసన తగిలినట్టు అనిపించింది. పొగ లేచింది. ఇంజన్ అరుపు ఆగకుండానే బండి వెనక్కి ఒక్క జారు జారింది. భూషణ్ బ్రేకు మీద నిలుచున్నట్టు తొక్కాడు. బండి వంకరగా ఆగింది. కుడి పక్క అతని తలుపు కింద క్వారీ గొయ్యి. కాలు తీస్తే బండి పోతుంది, తలుపు తీస్తే తను పోతాడు.

"రాయి వెట్టున్రి! ఎవరన్న ఎనక రాయి వెట్టున్రి!" అని అరిచాడు. ఒక్కడూ వెనక్కి వెళ్లలేదు.

పైనున్న బండి సోనాలిదే. దాని ముందు బంపరుకు ఇనుప తాడు లాగే వించ్ ఉంది. ఆమె తాడు కొక్కెం చేతబట్టుకుని, బండలు పట్టుకుంటూ దిగింది. ముందు ఎడమ తలుపు తీసి అక్కను చేయి పట్టి దింపింది. ఐశ్వర్య బండను ఆనుకుని నిలబడింది.

"కొక్కెం తగిలియ్యి, జల్ది!" భూషణ్ బ్రేకు మీద నుంచి కాలు తీయకుండానే చెయ్యి చాపాడు.

సోనాలి తీసిన తలుపు దగ్గరే నిలబడింది. ఎడమ చేత్తో వాకీటాకీ మీట నొక్కి పట్టుకుంది. "తగిలిస్త. ముందుగాల చెప్పు. ఆ దినం ఏమైంది?"

"ఏందే ఇది? ఇక్కడనా?"

"ఇక్కడనే. క్లచ్ నువ్వే బిగించినవ్ గదా ఈసారి. వీడియో గూడ ఉన్నది. మరి ఎందుకు మండింది?"

"సోనీ, కాలు గుంజుతున్నది, బ్రేకు ఆగేతట్టు లేదు!"

"కాలు అనేటిది ఒకటి ఉంటదని గుర్తొచ్చిందా?"

బండి జానెడు జారింది. భూషణ్ కేక వేశాడు. సోనాలి కొక్కెం చేతబట్టుకునే ఉంది, గాని ముందుకు కదల్లేదు. అప్పుడు వెనక నుంచి ఐశ్వర్య వచ్చింది. తోసుకుంటూ వచ్చి చెల్లెలి చేతిలోని కొక్కెం లాక్కుంది. తగిలిస్తుందనుకున్నాడు భూషణ్. ఆమె దాన్ని గుండెకు అదుముకుని మొగుడి మొఖంలోకి చూసింది.

"ఆ దినం గూడ గిట్లనే పట్టినవా?" అని అడిగింది. "గిట్లనే ఒర్రింది బండి. గిదే వాసన. నేను కింద నిలవడి ఇన్న. గిట్లనే పట్టినవా, చెప్పు."

భూషణ్ చనిపోయిన మామ మీద, దేవుడి మీద ఒట్లు వేయబోయాడు. ఐశ్వర్య ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనే!" అని అరిచాడతను. "నేనే పట్టిన. జనం సూస్తున్నరని దిగొద్దనుకున్న. సురేశ్ బ్రేకు, బ్రేకు అని ఒర్రిండు. నేను ఇనలే. బ్రేకు తొక్కకుంట రాయి వెట్టుమన్న. చాలా? తప్పు నాదే, చాలా?"

కింద డేరా మైకులో అతని గొంతే మళ్లీ మోగింది. అప్పటిదాకా ఈలలు వేసిన జనం డేరా వైపు తిరిగారు. భూషణ్‌కు అప్పుడు సోనాలి చేతిలోని వాకీటాకీ కనబడింది.

ఐశ్వర్య కొక్కెం తెచ్చి బండికి తనే తగిలించింది. తగిలిస్తూ అంది. "నా తమ్ముడు చేతగానోడని నా నోటితోని గూడ అనిపించినవ్ గదా."

సోనాలి పైకెక్కి వించ్ నొక్కింది. జీపు బురదలో ఈడ్చుకుంటూ అంగుళం అంగుళం పైకి వచ్చింది. దిగిన భూషణ్ అక్కడే బురదలో కూర్చున్నాడు. పలకరించడానికి స్నేహితులెవరూ పైకి రాలేదు. కింద డేరాలో సురేశ్ కుర్చీలోనే ఉన్నాడు. నిర్వాహకుల్లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. సురేశ్ ఎటో చూస్తూ తల ఊపాడు.

ఐశ్వర్య ఆ రోజు నిజాంపురా వెళ్లలేదు. గైబీ నగర్‌లో తల్లి దగ్గర దిగింది. సాంచెల చప్పుడులో తమ్ముడి పక్కన కూర్చుని ఏడ్చింది. సురేశ్ ఆమె పళ్లెంలో అన్నం తనే పెట్టాడు.

కొన్నాళ్లకు భూషణ్ గ్యారేజీకి వచ్చాడు. క్వారీ నుంచి లాక్కొచ్చిన అతని జీపు వాకిట్లోనే ఉంది. మనిషి చిక్కిపోయాడు. సురేశ్ ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"సురేశా, అయిందేదో అయింది. నువ్వు ఎన్నడో మాఫ్ చేసినవని నాకు తెలుసు. నీ మనసు అసుంటిది. మీ అక్కకు ఒక్క మాట చెప్పు. ఈ బండి గూడ మంచిగ జేసియ్యి."

సురేశ్ స్టూలు మీద నుంచి లేవలేదు. గొంతు పెంచలేదు.

"అక్క కోసం నోరు మూసుకున్న బావా. మాఫ్ జేసిన అని నీకు ఎవరు చెప్పిన్రు?"

బండి కింద పడుకుని పని చేస్తున్న సోనాలి చేతిలో పానా ఆగిపోయింది. ఇన్నేళ్లూ అన్నను తప్పుగా అనుకున్నానని ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

"అక్క వస్తదో రాదో అక్క ఇష్టం," అన్నాడు సురేశ్. "బండి మాత్రం తీస్కపో. ఇక్కడ చెయ్యం. నీది ఇంక ఎన్నడు చెయ్యం."

భూషణ్ సోనాలి వైపు చూశాడు. ఆమె బండి కిందికి ఇంకాస్త లోపలికి జరిగింది. చివరికి అతను ఒక టెంపోను మాట్లాడుకుని, గొలుసు కట్టించి, జీపును లాగించుకుపోయాడు. గోదాముల రోడ్డంతా హమాలీలు, డ్రైవర్లు నిలబడి చూశారు. టీ బండి దగ్గర ఎవరో అన్న మాటకు పెద్దగా నవ్వులు లేచాయి. ఈసారి ఆ నవ్వు ఎవరి మీదో సోనాలికి తెలుసు. బయటికి వచ్చి, రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ జీపునే చూసింది.

ఇంటికి వెళ్లాక ఓదెమ్మ అడిగింది. "పగ తీరిందా బిడ్డా?"

సోనాలి చేతుల నూనె కడుక్కుంటూ ఆలోచించింది. "అన్న కాలు రాలే గదనే అమ్మా. తీరలే." తల్లి వైపు తిరిగి నవ్వింది. "గని కడుపు మాత్రం చల్లగున్నది. అన్నం వెట్టు."